వార్షిక నివేదిక: ఈ ఏడాది మనల్ని కంగారు పెట్టిన మాత్రలు

సభ్యులందరికీ నమస్కారం.

మన కుక్కల టీకా శిబిరం, మెడపట్టీల పంపిణీ, సభ్యత్వాల పునరుద్ధరణ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. మిగిలిన చోటంతా ఒకే విషయానికి వాడుకుంటున్నాను, మన్నించాలి. "మా కుక్క మాత్రలు మింగేసింది, ఏం చేయాలి?" అంటూ రాత్రిపూట కొందరు సభ్యులు ఫోన్ చేశారు. కార్యదర్శిగా సలహాలు చెప్పే నా ఇంట్లోనూ అదే జరిగింది.

మా కుక్కకు కీళ్లనొప్పికి రాసిన కార్ప్రోఫెన్ మాత్రలు మాంసం రుచితో ఉంటాయి. పిల్లలు తీయలేని మూత ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. అది మూత జోలికే పోలేదు, డబ్బానే కొరికేసింది. హుషారుగా తోకాడిస్తోంది కదా అని నేను అరగంట చూస్తూ కూర్చున్నాను. డాక్టరు చీవాట్లు పెట్టింది అందుకే. వాంతి చేయించడం సాధారణంగా మొదటి గంట, రెండు గంటల్లోనే ఉపయోగపడుతుంది. కార్ప్రోఫెన్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. కిడ్నీల దెబ్బ బయటపడటానికి ఒకటి రెండు రోజులైనా పట్టొచ్చు. పారాసిటమాల్‌ది మరో దారి: కాలేయాన్ని పాడుచేస్తుంది, రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. దానికి ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

మన శిక్షణ తరగతిలో ఎక్కువ వాదన నడిచింది వాంతి కోసం పట్టే ఉప్పునీళ్ల మీద. దయచేసి పట్టకండి. రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు, అసలు మందుకంటే అదే ప్రాణం మీదికి తేవచ్చు. గొంతులో వేలు పెట్టడమూ వద్దు. పాలు విరుగుడు కాదు. వాంతి చేయించడానికి వాడే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా డాక్టరు ఫోన్లో కొలత చెబితేనే. మత్తుగా ఉన్నా, ఫిట్స్ వస్తున్నా ఇంట్లో వాంతి చేయించకూడదు. పగ్ లాంటి చప్పిడిముక్కు జాతుల్లో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం మరీ ఎక్కువ.

ముందు మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎంతసేపైంది, కుక్క బరువెంత? డాక్టరు అడిగేవి ఇవే. కొరికిన స్ట్రిప్పు, డబ్బా పారేయకుండా వెంట తీసుకెళ్లండి. చక్కెర లేని సిరప్ అయితే అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో చూడండి, అది కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడేస్తుంది. ఇంట్లో రెండు కుక్కలుంటే ఎవరి వాటా ఎంతో తేల్చే పని పెట్టుకోవద్దు. ప్రతిదీ మొత్తం తినేసిందనే అనుకోవాలి.

కొన్ని రోజులు సెలైన్ ఎక్కించాక మాది కోలుకుంది.

వచ్చే సర్వసభ్య సమావేశానికి తూకం యంత్రం తెస్తున్నాం, కుక్కల్ని వెంటబెట్టుకు రండి. ఆ రాత్రి కంగారులో మా కుక్క బరువు నేను నాలుగు కిలోలు ఎక్కువ చెప్పాను.

మీ కార్యదర్శి