ఒకవాంగో వెళ్ళేవాళ్ళు ముందు నీళ్ళ సంగతి అడగాలి

సంపాదకుడికి,

అయ్యా,

ఆఫ్రికా ఖండం దక్షిణాన ఉన్న బోట్స్వానాలో, ఒకవాంగో నది పరుచుకునే డెల్టాలోని సఫారీ లాడ్జిల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చూశాం. డేరాల లోపలి స్నానపు తొట్లు, కొయ్య అరుగుల ఫొటోలు బాగున్నాయి. ఏ నెలలో వెళితే అక్కడ ఏముంటుందో మాత్రం ఒక్క ముక్క లేదు. సీజన్లో మనిషికి రాత్రికి లక్ష రూపాయలు సులువుగా దాటే చోటది. కడప నుంచో అనంతపురం నుంచో బెంగళూరు పోయి విమానమెక్కే కుటుంబం అంత సొమ్ము పోసి, పడవ ఎక్కాలని వెళ్ళి ఎండిన మడుగు చూసి రాకూడదనే ఈ ఉత్తరం.

ఆ డెల్టాను నింపేది అక్కడి వానలు కావు. నవంబరు నుంచి మార్చి దాకా అంగోలా ఎత్తుల్లో కురిసిన వాన నమీబియా మీదుగా దిగి కలహారి ఇసుకలో పరుచుకుంటుంది, సముద్రం చేరదు. మన దగ్గర చినుకు పడకపోయినా ఎగువ వానకు పెన్న పారినట్టే. కాకపోతే అక్కడి నేల దాదాపు బల్లపరుపు, దారంతా పాపిరస్ తుంగ దట్టంగా అడ్డం. అందుకే ఏప్రిల్ ప్రాంతంలో ఉత్తరాన పాన్‌హ్యాండిల్ అనే డెల్టా సన్నటి మొదటి భాగంలో నిండుగా ఉండే వరద, దక్షిణాన మౌన్ పట్టణం చేరేసరికి జూన్, జూలై అవుతుంది. అక్కడ జూన్, జూలైలే చలికాలం; అంటే వానచుక్క లేని చలికాలంలో డెల్టా నిండుతుందన్నమాట.

దీన్ని మన సెలవులతో సరిచూసుకోవాలి. మే నెలలో ఉత్తరపు లాడ్జిలకు నీళ్ళు వచ్చి ఉంటాయి, దక్షిణపు వాటికి ఇంకా రాకపోవచ్చు. దసరా నాటికి, అంటే అక్టోబరులో, నీళ్ళు తీసేస్తుంటాయి. ఎండ 40 డిగ్రీలు తాకుతుంది, చాలా డేరాల్లో ఏసీ ఉండదు. కానీ మిగిలిన మడుగుల దగ్గరికి ఏనుగులు, అడవిదున్నలు, వాటి వెనకే సింహాలు చేరతాయి కనుక జంతువులు చూడాలంటే అదే కాలం. సంక్రాంతికి అక్కడ స్థానిక వానలు, మనిషెత్తు గడ్డి, వలస పక్షులు, తగ్గిన ధరలు, పెరిగిన దోమలు. పక్షుల కోసమే వెళ్ళేవాళ్ళకు మేము సంక్రాంతే చెబుతాం. వరద ఏటా ఒకేలా రాదు, 2019లో అంతంతమాత్రంగానే వచ్చింది. కాబట్టి డబ్బు కట్టే ముందే, ‘మేము అక్కడ ఉండబోయే తేదీల్లో గడిచిన మూడేళ్ళూ మొకోరో పడవ నడిచిందా?’ అని లాడ్జిని రాతపూర్వకంగా అడగండి.

మొకోరో అంటే సన్నటి, అడుగు చదునుగా ఉండే పడవ. ఒకప్పుడు ఒకే మాను తొలిచి చేసేవారు, చెట్లు మిగలాలని ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌తో చేస్తున్నారు. వెనక నిలబడ్డ మనిషి పొడవాటి గడతో అడుగునేలను నెడుతూ నడుపుతాడు. గడ నేలకు అందాలి కాబట్టి లోతు కాలువల్లోకి పోనివ్వడు. నీటిగుర్రాలు ఉండేదీ అక్కడే. పడవ అంచుకూ నీటికీ మధ్య జానెడు ఎడం కూడా ఉండదు, లేచి నిలబడితే బోల్తానే. రెల్లు మధ్య నుంచి పోతుంటే బుల్లి కప్పలు, సాలీళ్ళు ఒళ్ళో రాలతాయి. వాటివల్ల ఏమీ కాదు, ఉలిక్కిపడి పక్కకు వాలితేనే చిక్కు.

మౌన్ నుంచి లాడ్జికి సెస్నా లాంటి చిన్న విమానంలో పోవాలి. చేతిసంచి, కెమెరాతో కలిపి సాధారణంగా మనిషికి 20 కిలోలే. అదీ చక్రాలు, గట్టి చట్రం లేని మెత్తటి సంచిలో. సామాన్ల అర తలుపు చిన్నది, సూట్‌కేసు వంగదు, మౌన్‌లోనే ఆపేస్తారు. ఆవకాయ సీసా వద్దు: పైకి వెళ్ళేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి మూత చుట్టూ నూనె ఊరుతుంది, బట్టలన్నీ పాడు. సీలు వేసిన పొడులు మేలు. కస్టమ్స్‌లో చూపించి, లాడ్జిలో దిగగానే వంటింటికి ఇచ్చేయాలి, డేరాలో తిండి ఉంటే బబూన్ కోతులు దూరతాయి. శాకాహారులు గుడ్డు, చేప కూడా తినరన్న సంగతి విడిగా రాసి నెల ముందే పంపాలి. సరుకులు దూరం నుంచి రావాలి, అప్పటికప్పుడు దొరకవు.

ఆఫ్రికా అంటే ఎండే అనుకుని పలుచటి బట్టలతో పోవడం మనవాళ్ళు తరచూ చేసే పొరపాటు. జూన్, జూలైల్లో తెల్లవారుజామున 5 డిగ్రీల దగ్గర ఉంటుంది, పైగా ప్రయాణం టాపు లేని జీపులో. స్వెట్టరు, చెవులు మూసే టోపీ, చేతి తొడుగులు తప్పవు.

లాడ్జి ఎక్కడుందో కూడా చూడండి. మోరెమి ప్రభుత్వ అభయారణ్యంలో చీకటి పడ్డాక జీపు తిరగకూడదు, బాట దిగకూడదు. ప్రైవేటు లీజు ప్రాంతాల్లో రాత్రి సఫారీ, నడక ఉంటాయి. ధరలో తేడాకు ఇదొక కారణం. చాలా లాడ్జిలకు కంచె ఉండదు. నీటిగుర్రం రాత్రి గట్టెక్కి మేసి అదే దారిన నీళ్ళలోకి తిరిగి వస్తుంది, దానికీ నీటికీ నడుమ నిలబడ్డ మనిషి బతకడం కష్టం. అందుకే చీకటి పడ్డాక లాడ్జి మనిషి తోడు లేకుండా డేరా దాటనివ్వరు. చాలాచోట్ల ఆరేళ్ళలోపు పిల్లల్ని అసలు తీసుకోరు.

అక్కడ మలేరియా ఉంది. డాక్టరును అడిగి నివారణ మాత్రలు ముందే మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులు మింగాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాలు. నైరోబీ, ఆడిస్ అబాబాల మీదుగా పోతే ఎల్లో ఫీవర్ టీకా పత్రం కావాలి. టీకా పది రోజుల ముందే పడాలి, అదీ ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే. అత్యవసరంలో విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు భరించే బీమా లేకుండా బయలుదేరవద్దు.

ఇకపై ఇలాంటి వ్యాసం వేసినప్పుడు, ఏ నెలలో ఏ వైపు నీళ్ళుంటాయో చూపే చిన్న పటం పక్కనే వేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
పక్షి పరిశీలకులైన కొందరు పాఠకులు,
కడప