ఉమ్మడి తోటలో ధార తగ్గితే ముందు కొలవండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నలుగురూ కలిసి ఒకే నీళ్ల పైపు లైను మీద మొక్కలు పెంచుకునే ఉమ్మడి తోటల్లో నీళ్ల తగాదా గురించి ఈ ఉత్తరం. ఇలాంటి ప్రతి తోటలోనూ ఏదో ఒక రోజు "మా వైపు ధార రావడం లేదు" అన్న మాట వినపడుతుంది. దాని వెనకే "ముందు మళ్ల వాళ్లు అంతా లాగేస్తున్నారు" అన్న మాటా వస్తుంది. మా తోటలో ఈ రెండో మాట రెండు ఎండాకాలాలు నడిచింది. దానివల్ల పలకరింపులు మానుకున్నవాళ్లున్నారు. ఇద్దరైతే ఏకంగా లైనుకే మోటార్లు బిగించుకున్నారు. తీరా చూస్తే, ఇన్నాళ్లూ నీళ్లు ఆపింది మట్టిలో కూరుకుపోయిన ఒక పాత వాల్వు. దాని జాడ పట్టడానికి మాకు ఒక్క ఉదయం చాలింది. ఆ ఉదయమేదో రెండేళ్ల ముందే ఎందుకు కేటాయించుకోలేదన్న బాధ నన్ను వదలడం లేదు.

మా లైను మీద వరసగా ఎనిమిది కుళాయిలున్నాయి. మొదటిది గేటు పక్కన, ఎనిమిదోది తోట చివర కాస్త మెరక మీద. నా మడులు ఏడో కుళాయి దగ్గర. గొట్టం పట్టుకుని నిలబడితే ధార మడి మధ్యకు కూడా చేరేది కాదు, నా కాళ్ల దగ్గరే పడిపోయేది. "మెరక కదా, నీళ్లెలా ఎక్కుతాయి" అని అందరూ తీర్మానించేశారు. నేనూ నమ్మాను. కానీ లెక్క వేస్తే ఆ మాట నిలవదు. పది మీటర్లు పైకి ఎక్కితే తగ్గే ప్రెజరు సుమారు 1 బార్ (ప్రెజరును కొలిచే ప్రమాణం). మా మెరక మనిషి ఎత్తు కూడా ఉండదు. అంటే దానివల్ల పోయేది 0.2 బార్ లోపే. అంతమాత్రానికి ధార అలా చచ్చిపోదు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. కుళాయిలన్నీ కట్టేసి ప్రెజరు కొలిచే గేజీ పెట్టి చూస్తే ముల్లు బాగానే లేస్తుంది. "ప్రెజరుకేం, దివ్యంగా ఉంది" అని చూసినవాళ్లు వెళ్లిపోతారు. మా దగ్గరికి ఒకసారి వచ్చిన ప్లంబరూ అలాగే వెళ్లిపోయాడు. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు దారిలో ఎంత పెద్ద అడ్డం ఉన్నా గేజీలో కనపడదు. సగం మూసుకుపోయిన వాల్వుకు అటూ ఇటూ ప్రెజరు ఒకటే అయిపోతుంది. నీళ్లు పారడం మొదలైతేనే అడ్డం బయటపడుతుంది. అందుకే ఆగిన నీళ్లనూ కొలవాలి, పారే నీళ్లనూ కొలవాలి.

మేం ముగ్గురం తెల్లవారకముందే, ఎవరూ నీళ్లు పట్టని వేళ చూసుకుని వెళ్లాం. అన్ని కుళాయిలూ కట్టేసి ముందు మీటరు దగ్గర కూర్చున్నాం. టార్చి వెలుగులో పావుగంట చూసినా ముల్లు కదల్లేదు. అంటే లైన్లో లీకు లేదు. తర్వాత గేజీ మొదటి కుళాయికి బిగిస్తే 2.4 బార్, చివరి కుళాయికి బిగిస్తే 2.25. ఆ కాస్త తేడా మెరక లెక్కకు అచ్చంగా సరిపోయింది. గేటు దాకా వచ్చే ప్రెజరు తక్కువేమీ కాదని అప్పుడే తేలిపోయింది.

ఇక అసలు పరీక్ష. ఒక కుళాయి పూర్తిగా తిప్పి, దానికి ముందున్న దానిమీదా తర్వాతున్న దానిమీదా గేజీ చూస్తూ పోయాం. రెండో కుళాయి, మూడోది, నాలుగోది తిప్పినప్పుడు ముల్లు కొద్దిగా దిగి నిలబడింది. ఐదోది తిప్పి నాలుగో దానిమీద చూస్తే 2.2. అదే ఆరో దానిమీద చూస్తే ముల్లు జారి జారి 0.3 దగ్గర ఆగింది. నాకు గుండె ఝల్లుమంది. రెండేళ్ల గొడవంతా నాలుగో కుళాయికీ ఐదో కుళాయికీ మధ్య ఉన్న కొన్ని అడుగుల మట్టిలో ఉందన్నమాట.

తోటలో అందరికంటే పెద్దాయన ఒకరు "లైను వేసేటప్పుడు ఇక్కడెక్కడో చిన్న తొట్టి కట్టారు నాయనా" అన్నారు. ఎండుటాకులు ఊడ్చి మట్టి తీస్తే నిజంగానే తొట్టి ఉంది, అందులో గేట్ వాల్వు. దాని చక్రం ఎటు తిప్పినా ఆగకుండా తిరుగుతూనే ఉంది. ప్లంబరు విప్పి చేతిలో పెట్టాడు. లోపల కాడ విరిగి, పలక దాన్నుంచి ఊడిపోయి సగానికి పైగా కిందికి దిగి ఇరుక్కుపోయింది. ఉన్న కాస్త సందులోనూ తుప్పు పెచ్చులు, ఇసుక. నీళ్లకు మిగిలిన దారి బొటనవేలి గోరంత నెలవంక. దాని స్థానంలో బాల్ వాల్వు వేశాం. పది లీటర్ల బకెట్టు నిండడానికి నా కుళాయి దగ్గర అంతకుముందు 75 సెకన్లు పట్టేది, ఇప్పుడు 28 పడుతోంది.

ప్రతి తోటలోనూ వాల్వే దోషి అని నేననను. ఆగిన నీళ్ల ప్రెజరే అన్ని కుళాయిల దగ్గరా తక్కువగా ఉంటే లోపం గేటు అవతల ఉంటుంది, లేదా లోపలికి వచ్చేచోట ప్రెజరు తగ్గించే వాల్వులో ఉంటుంది. ఆగినప్పుడు బాగుండి, ఏ కుళాయి తిప్పినా ఒకేలా పడిపోతుంటే మీటరు దగ్గరి జాలి పూడిపోయిందేమో చూడాలి. రోజులో కొన్ని వేళల్లో మాత్రమే తగ్గుతుంటే అందరూ ఒకేసారి పడుతున్నారని అర్థం, అక్కడ వంతులు వేసుకోక తప్పదు. ఒక్కరికే తక్కువైతే వారి గొట్టం, వాషరు చూసుకోవాలి. పాత ఇనప పైపుల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తుప్పు పేరుకుని లోపలి వ్యాసం సగమైతే, అన్నే నీళ్లు పంపడానికి రాపిడిలో పోయే ప్రెజరు దాదాపు 30 రెట్లు పెరుగుతుంది. అలాంటి పైపు చిన్నాచితకా రిపేర్లతో బాగుపడదు, మార్చుకోవడమే మేలు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది లైనుకు నేరుగా బిగించే మోటారు. అది కొత్తగా నీళ్లు పుట్టించదు, పక్కవాళ్ల వాటా పీలుస్తుంది. పీల్చినప్పుడు లైన్లో ప్రెజరు సున్నా కంటే కిందికి పోవచ్చు. ఆ క్షణాన ఎవరి గొట్టం కొసైనా ఎరువు కలిపిన డ్రమ్ములో మునిగి ఉంటే, డ్రమ్ములోవి వెనక్కి లైన్లోకి వచ్చేస్తాయి. మా తోటలో గొట్టం డ్రమ్ములో వదిలేసి వెళ్లడం అందరికీ అలవాటే. అదే లైను మీద పిల్లలు దోసిలి పట్టి నీళ్లు తాగే కుళాయి కూడా ఉంది. ఆ రెండు మోటార్లూ ఇప్పుడు తీసేశారు. ఆ ఇద్దరినీ నేను నిందించను, వాళ్ల నారు కళ్లముందే ఎండిపోతుంటే ఏం చేస్తారు?

తోటలు నడిపే కమిటీలకూ, స్థలం ఇచ్చిన సంస్థలకూ నా విన్నపం ఇది. లైను మొదట్లోనూ చివరా గేజీ బిగించే వీలు శాశ్వతంగా ఉంచండి. నెలకోసారి ఆగిన నీళ్లూ పారే నీళ్లూ కొలిచి, అందరికీ కనపడే బోర్డు మీద రాయండి. వాల్వులను ఏడాదికి రెండుసార్లయినా పూర్తిగా మూసి తెరవండి, కదలికే లేకపోతే అవి బిగుసుకుపోతాయి. ప్రతి కుళాయికీ నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టించండి. మోటారు తప్పనిసరైతే ముందు ట్యాంకు నింపి, ట్యాంకు నుంచి తోడుకోనివ్వండి.

ఎండలు ముదరకముందే ఈ పరీక్ష పద్ధతిని మీ పత్రికలో బొమ్మతో వేస్తే ఎన్నో తోటలకు మేలు జరుగుతుంది. మా తోటలో ఒక పని ఇంకా మిగిలే ఉంది. పైపు ఎక్కడ మలుపు తిరిగిందో, ఇంకెన్ని తొట్లు మట్టి కింద ఉన్నాయో కాగితం మీద లేదు, పెద్దాయనకు ఒక్కరికే గుర్తుంది. ఈ ఆదివారం ఆయన్ను వెంటబెట్టుకుని లైనంతా నడిచి పటం గీయబోతున్నాం.

ఇట్లు,
ఒక ఉమ్మడి తోట సభ్యుడు