ఆదివారం సినిమా: ‘కే దెజోర్ఫెవ్ర్’

అందరికీ నమస్తే. ఈసారి 1947 నాటి ఫ్రెంచ్ సినిమా చూద్దాం. పేరు నోరు తిరగదు, నిజమే. పారిస్‌లో సీన్ నది ఒడ్డున, 2017 దాకా డిటెక్టివ్ పోలీసుల ఆఫీసు ఉన్న వీధి పేరది. దర్శకుడు ఆన్రీ జార్జ్ క్లూజో. మూలం స్టీమన్ అనే బెల్జియం రచయిత నవల. తమాషా ఏంటంటే, స్క్రిప్టు రాసేటప్పుడు ఆ పుస్తకం ఎక్కడా దొరకలేదు. క్లూజో గుర్తున్నంతవరకు రాసుకుంటూ పోయాడు. చివరికి హంతకుడే మారిపోయాడు!

కథ సింపుల్. పాటలు పాడే భార్య, అనుమానం మనిషి భర్త, ఒక ముసలి డబ్బున్నవాడి హత్య. నాకైతే హత్య కంటే ఇన్‌స్పెక్టర్ ఆంత్వాన్‌గా వేసిన లూయీ జూవేనే ముఖ్యం. నలిగిన కోటు, విసుగు మొహం, ఇంట్లో ఒంటరిగా పెంచుకుంటున్న కొడుకు. హీరోలా అస్సలు ఉండడు. క్రిస్మస్ రాత్రి చలిలో, టైప్‌రైటర్ల చప్పుడు మధ్య సాగే విచారణ మాత్రం మిస్సవకండి. అక్కడ నాకు ఊపిరాడలేదు.

క్లూజోకి వెనిస్‌లో ఉత్తమ దర్శకుడి అవార్డు తెచ్చింది ఇదే. బ్లాక్ అండ్ వైట్ అని మొహం చిట్లించకండి. ముందే చూసినవాళ్లు దయచేసి హంతకుడెవరో గ్రూపులో పెట్టొద్దు, పోయినసారి లాగా!