తప్పు చేసిన పిల్లవాడికి తిరిగొచ్చే దారి ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

సూపర్‌హీరోల కార్టూన్లు చూసి పిల్లలు చెడిపోతున్నారని మీ ఉత్తరాల పేజీలో తరచుగా చదువుతున్నాను. కోనసీమలో హైస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పే దాన్ని కాబట్టి నా మాట కూడా వినండి. తప్పు చేసినవాళ్ళతో ఎలా మెలగాలో ఆ బొమ్మల కథల్లో కొన్ని మన ఊరి పెద్దలకంటే బాగా చెబుతున్నాయి.

2001లో మొదలైన ‘జస్టిస్ లీగ్’ సిరీస్‌నే తీసుకోండి. అందులో హాక్‌గర్ల్ అనే రెక్కల వీరనారి సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌లతో కలిసి పోరాడుతుంది. తన సొంత గ్రహం పంపగా వచ్చిన గూఢచారి ఆమేనని 2004లో వచ్చిన రెండో సీజన్ చివరి కథలో బయటపడుతుంది. నమ్మిన జట్టు రహస్యాలన్నీ తనవాళ్ళకు చేరవేసింది. వాళ్ళు భూమిని గుప్పిట్లో పెట్టుకుంటారు. కానీ వాళ్ళు కడుతున్న అంతరిక్ష మార్గం పూర్తయితే భూమే మిగలదని తెలిశాక, పెళ్ళాడాల్సిన సేనాధిపతిని కూడా కాదని, జట్టు దగ్గరికొచ్చి ఉన్నదంతా చెప్పేస్తుంది. భూమి బతుకుతుంది. ఆమెకు మాత్రం ఇటువాళ్ళూ లేరు, అటువాళ్ళూ లేరు.

ఆమెను ఉంచాలా వద్దా అని మిత్రులు ఓటు వేస్తారు. ఫలితం చెప్పేలోపే ఆమె క్షమాపణ అడిగి, తనంతట తనే తప్పుకుంటుంది. దీని మీద మా తొమ్మిదో తరగతిలో పెద్ద వాదన నడిచింది. “భూమిని కాపాడింది కదా టీచర్, ఇంకా ఓటెందుకు?” అంది ఒకమ్మాయి. “కాపాడితే మాత్రం, చెప్పేసిన రహస్యాలు వెనక్కొస్తాయా?” అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. ఇద్దరి మాటల్లోనూ న్యాయముంది. కథ కూడా ఇద్దరినీ కాదనదు. తర్వాతి సిరీస్‌లో ఆమె కొంతకాలం అందరికీ దూరంగా, బాధపడుతూ ఉండిపోతుంది. ఆ తర్వాతే మళ్ళీ జట్టులోకి వస్తుంది. చేసిన తప్పును కథ చెరిపెయ్యదు, ఆమె ముందు తలుపూ వెయ్యదు.

మన దగ్గర ఏం జరుగుతోంది? మా పక్క ఊళ్ళో పద్నాలుగేళ్ళ పిల్లాడు రొయ్యల చెరువు దగ్గర, నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్ మోటారు రాగితీగ తీస్తూ దొరికాడు. వాడు మోచేత్తో ముఖం కప్పుకుంటే ఎవరో ఆ చెయ్యి లాగి, ముఖాన్ని ఫోను వైపు తిప్పారు. సాయంత్రానికి ఆ వీడియో అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ ఉంది. తల్లి అప్పు చేసి తీగ ఖరీదు కట్టింది. పిల్లాడు వెళ్ళి తప్పయిపోయిందని దణ్ణం పెట్టాడు. చెరువు రైతు సరేనన్నాడు. ఊరు మాత్రం వదల్లేదు. గోదావరి దాటే పంటు (పెద్ద పడవ) ఎక్కితే చాలు, “ఏరా రాగితీగా” అంటున్నారు. వాడు బడికి రావడం మానేశాడు.

నష్టపోయిన రైతు బాధ చిన్నది కాదు. ఏరియేటర్ ఆగితే ఆక్సిజన్ అందక రాత్రికి రాత్రే సరుకంతా పోవచ్చు. ఆ సంగతి పిల్లాడికి తెలియాలి, చేసిన నష్టాన్ని పూడ్చాలి కూడా. పూడ్చాక ఇంకా ఎన్నాళ్ళు?

చట్టం కూడా ఇదే చెబుతోంది. నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లల పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టకూడదని 2015 బాల నేరస్థుల న్యాయ చట్టం 74వ సెక్షన్ అంటోంది. అతిక్రమిస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పిల్లలకు కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలన్నది ఆ చట్టంలోని మూల సూత్రాల్లో ఒకటి. వీడియో ఫార్వర్డ్ చేసినవాళ్ళలో ఎందరికి ఇది తెలుసు?

మన కోనసీమలోని ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది. హంతకుడైన అంగుళిమాలుడు భిక్షువయ్యాక కూడా జనం రాళ్ళు విసిరారని బౌద్ధుల కథ. బుద్ధుడు ఓర్చుకోమన్నాడు కానీ భిక్షువుల సంఘం నుంచి పొమ్మనలేదు. ఆ ఓర్పు పద్నాలుగేళ్ళవాడి నుంచి ఆశించడం అన్యాయం.

గ్రూపు అడ్మిన్లు అలాంటి వీడియోలు వెంటనే తీసేయాలి. బడి మానేసిన పిల్లాడి ఇంటికి హెడ్మాస్టరే వెళ్ళి పిలుచుకురావాలి. మీ పత్రికకూ ఒక విన్నపం. జిల్లా పేజీలో ఇలాంటి వార్త వేసేటప్పుడు పిల్లాడి పేరు ఒక్కటే తీసేస్తే సరిపోదు. ఊరు, బడి, తల్లిదండ్రుల పేర్లు కూడా తీసేయండి. లంక గ్రామాల్లో తండ్రి పేరు రాస్తే చాలు, ఆ పిల్లాడెవరో అందరికీ తెలిసిపోతుంది.

— ఒక ఉపాధ్యాయిని, మామిడికుదురు మండలం, కోనసీమ