వారం దాటిన రాతకీ విలువ ఉంది

సంపాదకులకు,

బ్లాక్‌చెయిన్ (చాలా కంప్యూటర్లలో ఒకేసారి దాచే, చెరపలేని డిజిటల్ చిట్టా) వేదికల్లో రాస్తే డబ్బులొస్తాయని మా మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో పిల్లలు ఈమధ్య తెగ చెప్పుకుంటున్నారు. 2009 నుంచి తెలుగులో బ్లాగు రాస్తున్నదాన్ని కాబట్టి నా మాటా చెప్పాలనిపించింది.

2016లో వచ్చిన స్టీమిట్ అనే అలాంటి వేదికలో ఒక పోస్టుకి ప్రతిఫలం మొదటి ఏడు రోజుల్లో పడిన ఓట్లను బట్టే. అందరి ఓటూ ఒకటి కాదు, ఎక్కువ టోకెన్లు (ఆ వేదిక క్రిప్టో, అంటే డిజిటల్ నాణేలు) అమ్మకుండా కట్టిపెట్టుకున్నవారి ఓటుకే బరువెక్కువ. నేను ఉలవచారు గురించి 2011లో రాసిన పోస్టు కింద మొన్న సంక్రాంతికి ఒకావిడ వాళ్లమ్మ చేసే పద్ధతి పూసగుచ్చినట్టు రాశారు. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఆ ఏడు రోజుల లెక్కలో దీనికి చోటే లేదు.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఇంటి సంగతి ఒకటి రాశానని మా చెల్లెలు బాధపడితే బ్లాగులోంచి నిమిషంలో తీసేశాను. బ్లాక్‌చెయిన్‌లో మనం తీసేసినా పాత ప్రతి అలాగే ఉండిపోతుంది. పైగా ప్రతిఫలం వచ్చేది క్రిప్టోలోనే, మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో అమ్మిన లాభం మీద 30 శాతం పన్ను.

పిల్లలు రాయాలి, తెలుగులోనే రాయాలి. అయితే ఈ ఓట్ల బరువు, పన్ను సంగతి మీ పత్రికలో వివరంగా వేయండి.

ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు