ప్రింటర్‌ది కాని తప్పు

గౌరవనీయులైన సంపాదకులకు,

ప్రింటర్ చెడిపోయిందంటూ వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ప్రింటర్ కాదనీ, ఒకే విషయం మీద ప్రోగ్రాములో ఒక మాట, ఆపరేటింగ్ సిస్టమ్‌లో మరో మాట ఉండటమేననీ, ఆఫీసులో ఆ యంత్రాల బాగోగులు నెత్తిన పడినవాడిగా అనుభవంతో చెప్పగలను. పత్రికల కంప్యూటర్ శీర్షికల్లో ఇంకు ఆదా గురించి కనిపించినంతగా ఈ సంగతి కనిపించదు కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

ఆమధ్య మా సహోద్యోగిని ఒకరు 20 పేజీల నివేదికను కాగితం కలిసొస్తుందని షీటుకు రెండు పేజీల చొప్పున ప్రింట్ ఇస్తే, ఒక్కో షీటు మీద నాలుగేసి పేజీలు పడి, అక్షరాలు ఆవగింజల్లా వచ్చాయి. ఆవిడ ఆ సంఖ్యను ప్రోగ్రాములోని ప్రింట్ విండోలో ఇచ్చారు. అంతకుముందే ఎవరో అదే సంఖ్యను డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య పనిచేసే సాఫ్ట్‌వేర్‌లో, పెట్టి వదిలేశారు. ప్రోగ్రాము రెండు పేజీలను ఒకటిగా కుదించి పంపితే, డ్రైవర్ వాటిని మళ్ళీ రెండేసి చొప్పున కుదించింది. ఎవరికి చెప్పిన పని వారు చేశారు. నన్ను పిలిచేసరికే కేబుల్ ఊడదీసి పెట్టడం, టోనర్ బయటికి తీసి ఊపడం కూడా అయిపోయాయి.

విండోస్‌లోనే ఈ సెట్టింగులకు రెండు అరలున్నాయి. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో మార్చినది ఆ యూజరుకే వర్తిస్తుంది. అందరికీ వర్తించవలసినది ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ ట్యాబులో, ప్రింటింగ్ డీఫాల్ట్స్ అనే బటన్ వెనుక ఉంటుంది. ప్రోగ్రాము సాధారణంగా ఈ డీఫాల్టులను తీసుకుని, వాటిమీద తన మార్పులు చేసి పంపుతుంది కాబట్టి, చివరికి చెల్లేది చాలాసార్లు ప్రోగ్రాము మాటే. పైగా ఎక్సెల్ వంటివి పేపర్ సైజును ఫైలులోనే దాచుకుంటాయి. అందుకే మన కంప్యూటర్‌లో ఏమీ మార్చకపోయినా, ఇతరులు పంపిన ఫైలు తెరిస్తే వారి సెట్టింగు మన ట్రే దాకా వస్తుంది.

ఎక్కువగా విసిగించేది ఈ పేపర్ సైజే. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. అమెరికాలో వాడే లెటర్ సైజు సుమారు 216, 279. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఫైలు లెటర్ అడుగుతుంటే, ట్రే నిండా ఏ4 ఉన్నా ప్రింటర్ కాగితం పెట్టమంటూ దీపం వెలిగించి కూర్చుంటుంది. రోజూ ఓకే బటన్ నొక్కి నెట్టుకొచ్చేవారిని చూశాను. ఫైలు పేజీ సెటప్‌లో ఒక్కసారి ఏ4 అని మార్చి సేవ్ చేస్తే ఆ ఫైలుతో బాధ తీరుతుంది.

తప్పు ఏ పక్కన ఉందో తేల్చడానికి నేను ముందుగా చేసేది ప్రింటర్ ప్రాపర్టీస్ నుంచి టెస్ట్ పేజీ తీయడం, ఆ తరువాత అదే ఫైలును మరో ప్రోగ్రాములో తెరిచి ప్రింట్ ఇవ్వడం. టెస్ట్ పేజీ సవ్యంగా వచ్చి, ఒక్క ప్రోగ్రాములోనే తేడా కనిపిస్తే డ్రైవర్ జోలికి వెళ్ళను. సిస్టమ్‌లో ఏదైనా మార్చినప్పుడు ప్రోగ్రామును మూసి మళ్ళీ తెరుస్తాను. తెరిచి ఉన్నవి పాత సెట్టింగునే పట్టుకుని ఉండటం మామూలే. రెండు వైపులా ప్రింట్ చేసే ఎంపిక అసలు కనిపించకపోతే మాత్రం, డివైస్ సెట్టింగ్స్‌లో డూప్లెక్స్ యూనిట్ (కాగితాన్ని తిప్పి రెండో వైపు ప్రింట్ చేయించే భాగం) ఉన్నట్లు నమోదైందో లేదో చూడాలి.

అయితే ఈ వెతుకులాట అంతా వాడేవారి మీద వేయడం న్యాయం కాదు. పేపర్ సైజు, షీటుకు పేజీలు, కాపీల సంఖ్య ఎక్కడి నుంచి వచ్చాయో, ఫైలు నుంచా, ప్రోగ్రాము నుంచా, డ్రైవర్ నుంచా అన్నది ప్రింట్ విండోలోనే ఒక్క వరుసలో చూపవచ్చు. సాఫ్ట్‌వేర్ తయారీదారులు ఆ ఏర్పాటు చేసేలోగా, మీ పత్రిక కంప్యూటర్ శీర్షికలో ఈ అరల సంగతిని తెరల బొమ్మలతో సహా ఒక వారం వివరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు