నోరు తెరిచి ఊపిరి పీల్చే పిల్లల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి మార్కుల సంగతి పక్కన పెట్టి మన చిన్న తరగతుల పిల్లల నోటి గురించి రాస్తున్నాను. మధ్యాహ్న భోజనం దగ్గర గమనిస్తే కొందరు ముద్దను నమలకుండా బుగ్గన పెట్టుకుని, నీళ్లు తాగి దింపేస్తున్నారు. మింగేటప్పుడు గడ్డం ముడతలు పడుతుంది, నాలుక కొన పళ్ల సందులోంచి బయటికి వస్తుంది. వీరిలో కొందరు పాఠం వింటున్నంతసేపూ నోరు తెరిచే ఉంటారు. కింది పెదవి ఎండి పగిలి ఉంటుంది.

దయచేసి ఈ పిల్లలను "నోరు మూసుకో" అని గదమాయించకండి. ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు అనే మెత్తని కండ పెరిగినా, టాన్సిళ్లు వాచినా, దుమ్ము పడక జలుబు వదలకపోయినా ముక్కుతో గాలి ఆడదు. చీమకుర్తి చుట్టుపక్కల రాతి దుమ్ము మనకు తెలియనిది కాదు. అందుకే ముందు చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది.

ముక్కు బాగుపడినా పాత అలవాటు ఉండిపోవచ్చు. అప్పుడు పనికొచ్చేది నోటి, ముఖ కండరాల థెరపీ. ఇందులో అనుభవం ఉన్న స్పీచ్ థెరపిస్టు గానీ, దంతవైద్యులు గానీ దీన్ని నేర్పుతారు. 'ల' అని పలికి చూడండి. నాలుక కొన పై పళ్ల వెనుక చిగురుకు తగులుతుంది కదా, ఊరికే ఉన్నప్పుడూ నాలుక అక్కడే ఆనుకుని ఉండాలి, పెదవులు కలిసి ఉండాలి. అద్దం ముందు నాలుకను అంగిలికి అతికించి టక్కున చప్పుడు చేయించడం, పెదవులతో చెంచా పట్టించడం వంటివి రోజూ కొద్దిసేపు, నెలల తరబడి చేయించాలి. దీనివల్ల మింగే తీరు మారుతుంది, 'స' స్పష్టంగా పలకడానికీ సాయపడుతుంది. వంకర పళ్లను మాత్రం ఇదొక్కటే సరిచేయదు, కొందరికి క్లిప్పులు కూడా అవసరమవుతాయి.

వీడియోలు చూసి పిల్లల నోటికి టేపు అంటించకండి, అది ప్రమాదం. వేలు చీకే బిడ్డ వేలికి కారం రాయడం కూడా నాకు సమ్మతం కాదు, కంట్లో పెట్టుకుంటే బాధ పడేది వాళ్లే. బడికి వచ్చే వయసులో అన్నం మెత్తగా పిసికి పెట్టే పని లేదు. జొన్నరొట్టె, జామకాయ ముక్కలు ఇచ్చి నమలనివ్వండి.

ఈ వారం బిడ్డ నిద్రలో నోరు తెరుస్తున్నదా, గురక పెడుతున్నదా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతున్నదా చూసి డైరీలో రాసి పంపండి. ఊపిరి ఆగినట్టు అనిపిస్తే మాత్రం మా కోసం ఆగకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మిగతా పిల్లలను రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం బడికి వచ్చినప్పుడు మేమే దగ్గరుండి చూపిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు